గోలా చాచా చూడని పరుగు

గోలా చాచా పోయారని మొన్న గురువారం పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన మనవరాలు. నేనప్పుడు భూపాలపల్లిలో మా బడి పిల్లలతో గ్రౌండ్‌లో ఉన్నాను. "నిద్రలనే పోయిండు అక్కా, తక్లీఫ్ ఏం పడలే" అంది ఆ పిల్ల. మంచు ఇంకా విడలేదు. పిల్లలు స్వెటర్లలో వణుకుతూ కాళ్లూ చేతులూ ఆడిస్తున్నారు. జీవితమంతా ఎండల్లో ఐసు అమ్మిన మనిషి ఇట్లా నడి చలికాలంలో పోవడమేమిటని ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. అడిగి ఉంటే "గిరాకీ లేని సీజన్ సూసుకుని పోయిన బేటీ" అనేవారు. ఆ మాట ఆయన గొంతుతోనే వినిపించింది. పిల్లలు చూస్తుండగానే నవ్వాను, ఏడ్చాను, విజిల్ ఎవరికో ఇచ్చి గట్టు మీద కూర్చున్నాను.

ఆ రోజుల్లో మానుకోటలో చదివిన వాళ్లెవరికీ ఆయన్ను పరిచయం చేయనక్కర్లేదు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే పిలుస్తాం. గ్రౌండ్ గేటు పక్కన ఆయన తోపుడు బండి ఉండేది. దాని మీద గోనెసంచీ చుట్టిన ఐసు దిమ్మె, ఐసు చెక్కడానికి వడ్రంగుల చిత్రిక లాంటి రందా, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ షర్బత్ సీసాలు. గోలా, అంటే షర్బత్ పోసిన ఐసు ముద్ద, చెక్కబోయే ముందు దిమ్మెను అరచేత్తో రెండుసార్లు తట్టేవారు. ఎందుకు చాచా అంటే, "నిద్రల ఉన్నదాన్ని లేపకుండ కోస్తె పాపం కాదా" అనేవారు. ఎండను మాత్రం ఎవరూ ఆయన ముందు తిట్టకూడదు. సూర్యుణ్ని ఆయన సేఠ్ అని పిలిచేవారు. "ఇయ్యాల మా సేఠ్ జల్ది డ్యూటీ ఎక్కిండు. ఆయన పని జేస్తెనే మా ఇంట్ల పొయ్యి ఎలుగుతది."

నేను మానుకోట పక్క తండా పిల్లను. తొమ్మిదో తరగతిలో పరుగు మొదలుపెట్టాను. తెలంగాణ ఉద్యమం ఊళ్లన్నిటినీ ఊపేస్తున్న కాలం అది. బడి ఉన్న రోజుల కంటే బంద్‌లే ఎక్కువన్నట్టు ఉండేది. మా పీఈటీ సార్ పొద్దున పూట టీచర్ల దీక్షా శిబిరంలో కూర్చునేవారు, సాయంత్రం ర్యాలీలో నడిచేవారు. మధ్యలో మిగిలేది మిట్టమధ్యాహ్నం. మా ప్రాక్టీసు అప్పుడే. సార్ చాలా మంచివారు, కానీ నీళ్ల దగ్గర ఆయనది ఉడుం పట్టు. "పరుగుకు ముందు నీళ్లు తాగొద్దు, మధ్యల అసలే తాగొద్దు. పొట్ట బరువైతది" అనేవారు. ఆయన సార్ ఆయనకు అట్లాగే చెప్పారట. దాహాన్ని ఓర్చుకోవడం కూడా శిక్షణలో భాగమనుకుని మేం నాలుకతో పెదాలు తడుపుకుంటూ పరుగెత్తేవాళ్లం.

ఆ ఏడు మార్చిలో జనగామలో జరిగిన పోటీలో మూడు వేల మీటర్ల పరుగులో ఐదో రౌండుకు కళ్లు తిరిగి పడిపోయాను. నెల తిరగకుండానే మానుకోట గ్రౌండ్‌లో మళ్లీ పడ్డాను. ఈసారి గేటు పక్కన చాచా ఉన్నారు. తర్వాత పిల్లలు చెప్పారు, బండి మీద గిరాకీని అట్లాగే వదిలేసి, ఐసు గడ్డను తువ్వాల్లో చుట్టుకుని లుంగీ ఎగ్గట్టి ఉరికొచ్చారట. నాకు తెలివి వచ్చేసరికి మెడ వెనక, చంకల కింద చల్లగా ఉంది. నా పక్కన ఆయన సార్‌తో గొడవ పడుతున్నారు. "సార్, మీరు సదువుకున్నోళ్లు. ఐసును ఎండల పెడితె కరుగుతదని నాకెరుక. పిల్లను పెడితె ఏమైతదో మీకెరుక లేదా?"

కబురు అంది మా బాపు వచ్చాడు. నెమ్మదస్థుడు, మాట తక్కువ. ఇంట్లో మా లంబాడీ భాషే కాబట్టి తెలుగు ఆచితూచి మాట్లాడతాడు. "సాలు సార్. పొల్లకు పరుగు వద్దు. మాతోని మిరపతోటల పనికొస్తది" అన్నాడు. మేలో భూపాలపల్లిలో ఎంపిక పోటీ ఉంది. అందులో మొదటి ఇద్దరికీ క్రీడల హాస్టల్‌లో సీటు. అక్కడ తిండి, చదువు, పరుగు మూడూ ఉంటాయి. అది పోతే నా ముందున్నది మిరపతోటే. నేను గట్టిగా ఏడవడం మొదలుపెట్టాను.

చాచా మా బాపు భుజం మీద చెయ్యేశారు. "భాయ్, ఇంజన్ల ఏం ఖరాబు లేదు. నీళ్లు పొయ్యకుండ నడిపిస్తున్నరు, గంతే. భూపాలపల్లి దాక పిల్లను నాకు అప్పజెప్పు. ఆడ పడిపోయిందనుకో, నేనే మీ తండకొచ్చి 'పరుగు బంద్' అని చెప్త."

బాపు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను గూడ వస్త ఆడికి" అన్నాడు.

అట్లా ఒక ఐసు బండాయన నాకు గురువయ్యారు. ముందుగా చేసిన పని ఏమిటంటే నన్ను ఎండలోకి తోలడం. మొదటి మూడు రోజులు పావుగంట, తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం. చల్లబరుస్తానని మాటిచ్చి ఇదేం పని చాచా అంటే, "సేఠ్ ముంగట ఒక్కపారే పోయి నిలబడితె గుర్తుపడ్తడా? రోజు జర జర కనపడాలె. అప్పుడు మనోడే అనుకుంటడు" అనేవారు. రెండు వారాలకు నిజంగానే ఒళ్లు ఎండకు అలవాటు పడింది. చెమట తొందరగా పట్టేది, తల దిమ్ముగా ఉండడం తగ్గింది.

నీళ్లు సరిపడా తాగుతున్నానో లేదో తెలుసుకోవడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాపుకోలేను. ఆడపిల్లను ఒంటేలు ఏ రంగులో పోస్తున్నావని అడగలేరు కదా. బండి మీద రెండు సీసాలు పెట్టేవారు. ఒకటి పసుపు షర్బత్, రెండోది పల్చటి నిమ్మ నీళ్లు. నేను రాగానే ఆకాశం వైపు చూస్తూ కనుబొమలు ఎగరేసేవారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఒక సీసా వైపు వేలు చూపించేదాన్ని. పసుపు సీసా చూపిస్తే రెండు చెంబుల నీళ్లు తాగేదాకా గేటు దాటనిచ్చేవారు కాదు. ఇప్పుడు మా బడి పిల్లల దగ్గర నేనూ అదే చేస్తున్నాను.

చాచా అన్నీ తెలిసినవారని చెప్పను. ఒకసారి నన్ను కుల్ఫీ చేసేశారు. చిన్నప్పుడు ఆయన డోర్నకల్‌లో ఒక కుల్ఫీ దుకాణంలో పని నేర్చుకున్నారు. ఐసు మీద దొడ్డుప్పు చల్లితే చలువ ఇంకా పెరుగుతుందని, కుల్ఫీ గడ్డకట్టేది ఆ కిటుకుతోనే అని కుల్ఫీవాళ్లందరికీ తెలుసు. ఆ తెలివి నా మీద ప్రయోగించారు. గోనెగుడ్డతో చేతుల్లేని కోటు ఒకటి కుట్టించి, దాని అరల్లో ఐసు ముక్కలు నింపి, పైన ఉప్పు దట్టించి పరుగుకు ముందు నాకు తొడిగారు. మొదట హాయిగా అనిపించింది. కాసేపటికి భుజాలు ఉన్నాయో లేవో తెలియలేదు. సార్ గడియారం పట్టుకుని "గో" అన్నారు. నా కాళ్లు కదలవు. పొలం నుంచి గడ్డిమోపుతో వస్తున్న అవ్వ కూడా నన్ను దాటిపోయేలా ఉంది. కోటు విప్పి చూస్తే భుజాల మీద ఎర్రటి మచ్చలు. వారం దాకా తగ్గలేదు.

చాచా మట్టిలో కూర్చుని రెండు చెవులూ పట్టుకున్నారు. "మాఫ్ చెయ్యి బేటీ. మనిషికి కుల్ఫీకి ఫరక్ మరిచిపోయిన."

మర్నాడు గ్రౌండ్‌కు వెళ్లేసరికి పిల్లలంతా ఈలలు వేస్తున్నారు. చూస్తే చాచా లుంగీ మీద ఆ కోటు తొడుక్కుని, ఉప్పు లేకుండా ఐసు ఒక్కటే పెట్టుకుని గ్రౌండ్ చుట్టూ పరుగెడుతున్నారు. ఒక రౌండు పూర్తి చేసి, రొప్పుతూ వచ్చి, "గుడ్డ తడిసి బరువైతాంది. గిది గూడ పనికిరాదు" అని తీర్పు చెప్పారు. ఆ రోజు నుంచి ఏ ఉపాయమైనా ముందు తన మీద చూసుకున్నాకే నా దగ్గరికి తెచ్చేవారు. అరవై ఏళ్ల మనిషి నాకోసం పిల్లల ముందు నవ్వులపాలు కావడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అంతటి ప్రేమకు నేనేం చేశానో నాకు నేటికీ తెలియదు.

చివరికి ఆయనకు దారి చూపింది ఆయన చేతులే. ఒకరోజు ఐసు చెక్కుతూ చెక్కుతూ ఆగిపోయారు. "ముప్పై ఏండ్ల సంది ఎండల నిలబడుతున్న. పక్కన పండ్లామెకు వడదెబ్బ తగిలింది, చెప్పులు కుట్టేటాయనకు తగిలింది. నాకెందుకు తగలలే?" అని తనను తానే అడిగి, అరచేతులు నా ముందు చాపారు. "గివి ఎప్పుడు ఐసుల ఉంటయ్ బేటీ. గిట్లనే లోపలి వేడి దిగుతదేమో!" అప్పటి నుంచి పరుగుకు ముందు, తర్వాత నా అరచేతులు బకెట్ నీళ్లలో పెట్టించేవారు. ఐసు నీళ్లు వద్దనేవారు. చేతులు తిమ్మిరెక్కితే లాభం లేదు, బాయి నీళ్లంత చలువ చాలు అని వేలు ముంచి చూసేవారు. పరుగుకు అరగంట ముందు ఒక గోలా. ఐసును పిండిలా సన్నగా చెక్కి, నిమ్మరసం, కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు. "ఉప్పు లోపటికి పోవాలె, మీదికి కాదు. గీ అక్కల్ నాకు జర ఆలస్యంగ వచ్చింది" అని తన మీద తనే నవ్వుకునేవారు.

మా సార్ మాత్రం పదిరోజులు ముఖం మాడ్చుకున్నారు. ఒకరోజు ధర్నా నుంచి నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర తూలారు. చాచా ఒక్క మాట అడగకుండా సార్ రెండు చేతులూ పట్టుకుని బకెట్‌లో ముంచేశారు. నోట్లో గోలా పెట్టారు. కాసేపటికి సార్ కళ్లు తెరిచి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని మెల్లగా అన్నారు: "ఇంకోటి ఇయ్యి చాచా." మర్నాటి నుంచి గ్రౌండ్‌లో నీళ్ల కుండ వెలిసింది. దాని మీద మూత, మూత మీద గ్లాసు కూడా సార్ ఇంటి నుంచే వచ్చాయి.

పోటీ రోజు తెల్లవారుజామున బయల్దేరాం. చాచా తెలిసినవాళ్ల ట్రాలీ ఆటో తెచ్చి తనే నడిపారు. సార్ ఆయన పక్కన ఇరుక్కున్నారు. వెనక ఊక పోసి గోనెలు కప్పిన రెండు ఐసు దిమ్మెలు, వాటికి ఒక పక్క నేను, ఇంకో పక్క చేతులు కట్టుకుని మా బాపు. నర్సంపేట దాటిన తర్వాత రోడ్డు బందయింది. రాస్తారోకో. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఎండ అప్పుడే ముదిరింది.

ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ లేచి ఆటోకు అడ్డం వచ్చింది. "యాడికి?"

సార్ తల బయటికి పెట్టి గొంతు చించుకుని "జై తెలంగాణ!" అన్నారు.

"జై తెలంగాణ అందరు అంటనే ఉన్నరు సారూ. అన్నోళ్లనల్ల ఇడిసిపెడితె ఇగ రోడ్డు బంద్ ఎట్లయితది?" అంది అవ్వ. సార్ తల లోపలికి లాక్కున్నారు.

చాచా ఆటో దిగారు. వెనక్కి వచ్చి గోనె తీశారు, దిమ్మెను రెండుసార్లు తట్టారు, రందా అందుకున్నారు. నాకు విషయం అర్థమయ్యేసరికి పది గోలాలు చేతులు మారాయి. తర్వాత ఇరవై. డప్పు కొట్టేవాళ్లు డప్పులు పక్కన పెట్టి వచ్చారు. ఒక దిమ్మె కళ్ల ముందే కరిగి కరిగి చిప్పంత అయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "చాచా, నా ఐసు! నా పరుగుకు తెచ్చిన ఐసు!"

ఆయన కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ అవ్వ మెడ మీద పెట్టారు. కాలే పెనంలా ఉంది. "గీమె పొద్దుమూకే దాక ఈడనే కూసుంటది. నువ్వు గింతసేపు ఉరుకుతవ్. ఇప్పుడు చెప్పు, ఎవలికి ఇయ్యాలె?" నేను తల దించుకున్నాను కానీ కోపం మాత్రం పోలేదు. పదిహేనేళ్ల పిల్లకు న్యాయం తెలిసినంత మాత్రాన కోపం పోదు కదా.

అవ్వ గోలా చప్పరిస్తూ మా కథంతా విన్నది. "ముందుగాల్ల చెప్పొద్దా? మన పొల్ల ఉరుకుతాంటె మనమే అడ్డముంటమా?" అని వెనక్కి తిరిగి కేకేసింది. రాళ్లు పక్కకు జరిగాయి. ముందు దారి విడిపించడానికి ఒకాయన బైకు తీశాడు. మాకు విస్తరాకుల్లో వేడి వేడి కిచిడీ కట్టి ఇచ్చారు. మా బాపు తండా వదిలాక మొదటిసారి నోరు విప్పాడు. కిచిడీ బాగుందన్నాడు.

రోడ్లన్నీ అట్లాగే ఉండడంతో పిల్లలంతా ఆలస్యంగా చేరారు. పొద్దున జరగాల్సిన పరుగు నడి మధ్యాహ్నం పెట్టారు. భూపాలపల్లి నేల నల్లది, బొగ్గు దుమ్ము కలిసింది. వేడి పైనుంచీ కిందినుంచీ కొడుతోంది. మిగిలిన దిమ్మె సగానికి వచ్చింది. చాచా నాకు గోలా పెట్టారు, చేతులు ముంచారు, తడి తువ్వాలు మెడకు చుట్టారు. అక్కడితో ఆగితే ఆయన చాచా ఎందుకవుతారు? నాతో పోటీ పడబోయే పిల్లలందరినీ పిలిచి బకెట్ దగ్గర వరుసలో నిలబెట్టారు.

"వాళ్లకెందుకు చాచా?" అన్నాను పళ్లు బిగించి.

"నువ్వు గెలువాల్నంటె వాళ్లు పడిపోవాల్నా? గట్లయితె అది పరుగు కాదు బేటీ" అన్నారు. కొడకండ్ల నుంచి వచ్చిన ఒక్క పిల్ల మాత్రం దగ్గరికి రాలేదు. "మా సార్ వద్దన్నడు, పొట్ట బరువైతదట" అంది. మా సార్ భూమిలోకి కుంగిపోయినట్టు చూశారు.

ఏడున్నర రౌండ్లు. ప్రతి రౌండులో మలుపు దగ్గర చాచా నిలబడి నా మెడ మీద చెంబు నీళ్లు కుమ్మరించేవారు. "షాబాష్!" అనేవారు. నాలుగో రౌండు దాకా ఆ మలుపు కోసమే పరుగెత్తాను. ఐదో రౌండు వచ్చింది. జనగామలో నేను పడిపోయిన రౌండు. మలుపు దగ్గర చాచా లేరు. చెంబు ఒక్కటే నేల మీద ఉంది. ఆరో రౌండులోనూ లేరు. కీలకమైన వేళ వదిలేసి పోయారని చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఉరికాను. ఒళ్లు తేలిగ్గానే ఉంది, తల తిరగడం లేదు, ఆ సంగతి కూడా గమనించనంత కోపం. చివరి మలుపులో ఇద్దరిని దాటాను. గీత దాటేసరికి నా ముందు ఒక్క పిల్లే ఉంది.

రెండో స్థానం! సార్ నన్ను ఎత్తి తిప్పారు. నేను విడిపించుకుని చాచాను వెతుక్కుంటూ పరుగెత్తాను, పోట్లాడడానికి.

గ్రౌండ్ మూలన టెంటు నీడలో ఉన్నారు. పరుగు వైపు వీపు తిప్పి మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన ముందు కొడకండ్ల పిల్ల పడుకుని ఉంది. ఐదో రౌండులో నా వెనక పడిపోయిందట, నాకు తెలియనే తెలియదు. మిగిలిన ఐసంతా ఆ పిల్ల మెడ కింద, చంకల్లో ఉంది. ఆ పిల్ల అరచేతులు రెండూ బకెట్‌లో ముంచి, తన చేతులతో పట్టుకుని ఉన్నారు. పిల్ల అప్పుడే కళ్లు తెరిచి మెల్లగా నీళ్లు అడుగుతోంది.

"అయిపోయిందా బేటీ? ఎన్నోది వచ్చినవ్?" అన్నారు, తల తిప్పకుండానే.

"రెండు" అన్నాను.

ఆయన భుజాలు నవ్వుతో కదిలాయి. "అరె, నేను సూడకపోతినే! రెండు నెల్ల సంది గీ ఒక్క దినం కోసమే సూస్తి. ఎట్ల ఉరికినవ్? ఎవలన్న చెప్పుండ్రి నాకు!"

నేను నోరు తెరిచేలోపు మా బాపు ముందుకొచ్చాడు. పొద్దుటి నుంచి కిచిడీ గురించి తప్ప మాట్లాడని మా బాపు. "నేను చెప్త" అన్నాడు. మొదలు విజిల్ కొట్టిన కాడి నుంచి మొదలుపెట్టాడు. తెలుగు చాలకపోతే మా భాష కలిపాడు. నేను ఎవరి వెనక ఉన్నానో, ఏ మలుపులో ఎవరిని దాటానో వేళ్లతో చూపించాడు. వేళ్లు చాలక లేచి నిలబడ్డాడు. చాచా ఆ పిల్ల చేతులు వదలకుండానే "హౌ హౌ, అటెన్క?" అంటున్నారు. చివరి రౌండు దగ్గరికి వచ్చేసరికి బాపు ఆగలేకపోయాడు. పంచె ఎగ్గట్టి, నేను చేతులు ఎట్లా ఊపానో అట్లా ఊపుతూ, ఆ నల్లటి మట్టిలో, ఆ మండుటెండలో చాచా చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టాడు.